చివరి రీలు ముందేసిన డేరా

మేనేజరు పని

సినిమా హాలు మేనేజరు అంటే సినిమాల గురించి తెలిసినవాడని బయటి జనం అనుకుంటారు. చేరేముందు నేనూ అలాగే అనుకున్నాను. చేరిన వారానికే ఆ భ్రమ వదిలింది. వాన ఏ వైపు నుంచి కొడుతుందో, కరెంటు ఏ పాటలో పోతుందో, తాగొచ్చినవాణ్ని చెయ్యి చేసుకోకుండా బయటికి ఎలా సాగనంపాలో, తహసీల్దారు గారి బావమరిది వస్తే ఎవర్ని లేపి కూర్చోబెట్టాలో తెలియాలి. సినిమా గురించి తెలియడం ఈ ఉద్యోగానికి అడ్డమే గాని అక్కరకు రాదు.

డెబ్బైల్లో మొదలుపెట్టి తొంభైల దాకా ఇదే పని చేశాను. ఈ మధ్య మా బంధువుల్లో ఇద్దరు ఖమ్మంలో ఒక హాలు లీజుకు తీసుకుని బోనకల్లులో ఉన్న నా దగ్గరికి వచ్చారు. కొత్త సౌండు పెట్టిస్తారట, మెత్తటి సీట్లు వేయిస్తారట. "ఇంకా ఏం చెయ్యమంటారు బాబాయ్?" అని అడిగారు. అప్పటికప్పుడు ఏమీ తోచక టీ ఇచ్చి పంపేశాను. చెప్పాల్సింది వాళ్లు వెళ్లాక తట్టింది. లైసెన్సులూ పన్నులూ ఎవరి సంతకం ఎక్కడా అన్నవి నేను రాయను. అవి నేర్పడానికి ఆయా ఆఫీసుల వాళ్లే ఉబలాటపడుతుంటారు. నేను రాసేది ఒక దర్శకుడి గురించి, ఆయన సినిమాల్లో ఏది గొప్పదని మేం ఏళ్ల తరబడి కొట్టుకు చచ్చిన వైనం గురించి.

మా ఓనరు

మా ఓనరు వెంకటరత్నం గారిది గుంటూరు వైపు. ఏన్కూరు దగ్గర భూములు కొని మిరప వేసి, మిరప బాగా పండిన ఏడాది, వచ్చిన డబ్బు ఏం చెయ్యాలో తెలియక ఏన్కూరులో డేరా టాకీసు పెట్టాడు. జీవితంలో ఒక్క సినిమా కూడా మొదట్నుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు. "చూసేవాడు టిక్కెట్టు కొంటాడు, చూడనివాడు హాలు పెడతాడయ్యా" అనేవాడు. ప్రింటు పెట్టెలు బస్సు దిగగానే ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్ని రీళ్లు?" ఎక్కువుంటే సంతోషించేవాడు. మళ్లీ ప్రొజెక్టరు దీపంలో కార్బన్ కడ్డీలు అరిగిపోతున్నాయని అందులో ఒక రీలు తీసేయమనేవాడు.

ఒకసారి ఇలాగే ఒక కుటుంబ కథా చిత్రంలో పెళ్లి రీలు ఎత్తేయించాడు. తర్వాతి రీల్లో హీరోయిను ఉయ్యాల ఊపుతూ పాట పాడింది. ఆట అయ్యాక ఊరి పెద్దలు నలుగురు నా దగ్గరికొచ్చి, "ఏందయ్యా మేనేజరు, లగ్గం గాకుండనే పిల్ల పుట్టుడేంది? మా ఆడోళ్లతోని వచ్చినం" అని నిలదీశారు. ఓనరు తొణక్కుండా "మద్రాసులో అంతేనండీ" అన్నాడు. వాళ్లు తలలూపుకుంటూ వెళ్లిపోయారు. మద్రాసు మీద ఏం చెప్పినా నమ్మే రోజులవి.

ఆపరేటరు యాకూబు సంగతి వేరు. అతని దృష్టిలో సినిమా తీసింది అతనే. మంచి సీను రాగానే ప్రొజెక్టరు గదిలోంచి తల బయటపెట్టి జనం మొహాలు చూసేవాడు. మాకున్నది ఒకే ప్రొజెక్టరు కాబట్టి ప్రతి రీలు అయిపోగానే లైట్లు వెలిగించి కొత్త రీలు ఎక్కించాలి. ఆ వెలుగులో జనం బీడీలు ముట్టించుకుని అప్పటిదాకా జరిగిన కథ మీద తీర్పులిచ్చేవాళ్లు. ఏసీ హాళ్లలో చూసినవాళ్లకు ఈ భాగ్యం తెలియదు. మా డేరాలో సినిమా సగం తెర మీద, సగం ఈ బీడీ వెలుతుర్లో నడిచేది.

నరహరి గారి భక్తులు

నరహరి గారని మద్రాసులో ఒక దర్శకుడు. తెలుపు నలుపు రోజుల్లో వరసగా కొన్ని సస్పెన్సు చిత్రాలు తీశాడు. రంగులు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లు తగ్గారు, తర్వాత అసలే లేరు. ఆయన పాత ప్రింట్లు మాత్రం మావంటి డేరాల చుట్టూ తిరుగుతూ ఉండేవి. నాకు ఆయనంటే పిచ్చి. హంతకుడెవరో తెలిసిపోయినా ఆయన సినిమాలు మళ్లీ మళ్లీ చూసేవాణ్ని. అలా ఎందుకు చూస్తున్నానో ఆలోచించి ఉంటే ఈ కథ ఇంకా ముందే ముగిసేది. ఆలోచించడం మేనేజరు పని కాదు గదా.

ఆయన సినిమాల్లో ఏది గొప్పది అన్న తగువు మా దగ్గర ఎలక్షన్ల కంటే గట్టిగా నడిచేది. ఒక పక్షానికి నాయకుడు సుధాకర్ గారు. ఖమ్మంలో ఇంగ్లీషు లెక్చరరు, ఫిలిం సొసైటీ కార్యదర్శి. ఆయన గారి ఓటు 'మూయని కిటికీ'కి. ఆ సినిమాలో ఒక కిటికీ మొదట్నుంచి చివరిదాకా తెరిచే ఉంటుంది. ఆ కిటికీ మనిషి అంతరాత్మ అని, దాన్ని మూయలేకపోవడమే ఆధునిక మానవుడి విషాదమని ఆయన ఉపన్యాసం. అంతరాత్మ గురించి చెప్తూ ఎదుటివాడి సిగరెట్టు అడిగి కాల్చేవాడు.

రెండో పక్షం రాజమల్లుది. కొత్తగూడెంలో బొగ్గు బాయిలో, అంటే గనిలో, పని. చెల్లెల్ని జూలూరుపాడులో ఇచ్చారు కాబట్టి సెలవు దొరికితే ఇటొచ్చి మా డేరాలో తేలేవాడు. అతని ఓటు 'సొరంగంలో నలుగురు'కి. ప్రతి సినిమాలో ఇంటర్వెల్ కంటే ముందే హంతకుడెవరో కనిపెట్టానని లేచి నిలబడి ప్రకటించడం అతని అలవాటు. ఒక్కసారీ నిజం కాలేదు. మరుసటి ఆటలో మళ్లీ లేచేవాడు.

"ఆ సొరంగం అట్టముక్కలతో కట్టారండీ, కనిపిస్తూనే ఉంది" అనేవాడు సుధాకర్ గారు.

"అట్టముక్కలైతేంది సారూ? నాకు బాయిల దిగినట్టే గాలి ఆడలే. నీ కిటికి సిన్మాల మంచిగ గాలొస్తది, అందుకే నిద్రొస్తది" అనేవాడు రాజమల్లు.

వీళ్లిద్దరూ ఒప్పుకునే విషయం ఒక్కటుండేది. నరహరి గారి చిత్రాల్లో అన్నిటికంటే చెత్తది 'పెరటి గది' అని. అది ఆయన చివరి చిత్రం. విడుదలైన ప్రతి చోటా మూడోనాటికి ఎత్తేశారు. దాంతోనే ఆయన ఇంటికి వెళ్లిపోయాడు.

కథ చెప్తాను. తల్లిదండ్రులు పోయిన ఒక అమ్మాయి పెద్ద ఇంట్లో ఉంటుంది. మేనమామ కంటికి రెప్పలా చూసుకుంటాడు. ఆ ఇంట్లో ఒక్కొక్కరే చనిపోతుంటారు. చంపుతున్నది మేనమామే అని చివరి రీల్లో బయటపడుతుంది. అంతవరకూ సినిమా నిండా అతను ఆమెకు అన్నం కలిపి పెట్టడం, జడ వెయ్యడం, తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో చూడటం. ఇవే సీన్లు. "అన్నం పెట్టుడు చూడ్డానికి పైసలిచ్చి రావాల్నా? మా ఇంట్ల పెడ్తలేరా?" అని రాజమల్లు. మా డేరాలో మామూలు రోజు వేసినా ఇదే గతి. రెండో రీలుకే నేల టిక్కెట్టు జనం తువ్వాళ్లు పరుచుకుని నడుం వాల్చేవాళ్లు.

బస్సు

సంత రోజు మాత్రం లెక్క వేరు. ఆ రోజు మధ్యాహ్నం ఆటకు అడవి పక్క గూడేలు, తండాల నుంచి జనం వచ్చేవాళ్లు. తెచ్చిన సరుకు అమ్ముకుని, ఉప్పూ కారం కొనుక్కుని, మూటలతో సహా డేరాలోకి వచ్చి కూర్చునేవాళ్లు. తెలుగు రానివాళ్లకు పక్కనున్నవాళ్లు తమ భాషలో కథ వినిపించేవాళ్లు. అందుకని సంత ఆట ఎప్పుడూ గలగలమంటూ ఉండేది. చిక్కల్లా వాళ్లు వెళ్లాల్సిన చివరి బస్సుతో. ఆట ముగియకముందే అది బయల్దేరేది. డ్రైవరు సత్యం డేరా ముందు బండి ఆపి హారను కొట్టేవాడు. కొట్టగానే మూటలెత్తుకుని అందరూ లేవాల్సిందే. చీకటి పడ్డాక ఎలుగుబంట్లు తిరిగే దారిలో నడిచి వెళ్లే ధైర్యం ఎవరికుంటుంది?

మామూలు సినిమాలకు ఇది పెద్ద సమస్య కాలేదు. చివరి రీల్లో హీరో గెలుస్తాడని అందరికీ తెలుసు. చూడకపోయినా గెలిచేవాడు. నరహరి గారి సినిమా పడితే మాత్రం గొడవ. ఎవరు చంపారో తెలియకుండానే బస్సెక్కి, వారమంతా బుర్ర బద్దలు కొట్టుకుని, మళ్లీ సంతకు వచ్చి నా గల్లా పట్టుకునేవాళ్లు. కుంకుడుకాయలు అమ్మే సమ్మక్క అయితే టిక్కెట్ల కిటికీ దగ్గరే నిలదీసింది. "ఎవడు సంపిండో చెప్పకుండ ఎల్లగొడితె ఏం నాయం? వారం సంది నాకు అన్నం సయిస్తలే."

ఈ సంగతి ఓనరుకు చెప్పాను. ఆయన మిరపకాయ తొడిమ తీసినంత తేలిగ్గా తేల్చేశాడు.

"చివరి రీలు ముందెయ్యండి."

"అయ్యా, అది సస్పెన్సు సినిమా."

"అయితే?"

"హంతకుడెవరో ముందే తెలిసిపోతే ఇంక మిగిలేదేంటండీ?"

"పదమూడు రీళ్లు మిగుల్తాయి గదయ్యా. అవి వెయ్యండి."

యాకూబు కూడా చేతులెత్తి మొక్కాడు. "సార్, గిట్ల చేస్తే నన్ను ఖుదా కూడ మాఫ్ చెయ్యడు. తలకాయ తీస్కపోయి కాళ్ల కాడ పెట్టుడేంది?" ఓనరు వినలేదు. ఆ వారం పెట్టెల్లో వచ్చింది 'పెరటి గది'. సంత ఆటకు ముందుగా చివరి రీలు పడింది. మేనమామ గొడ్డలితో దొరికిపోయాడు, పోలీసులు పట్టుకుపోయారు, శుభం కార్డు పడింది. లైట్లు వెలిగాయి. జనం బీడీలు ముట్టించారు. తర్వాత పేర్ల రీలు మొదలైంది. నేను సిగ్గుతో బయటికెళ్లి కిళ్లీ కొట్టు దగ్గర నిలబడ్డాను.

కాసేపటికి లోపల్నుంచి కేకలు వినిపించాయి. ప్రింటు తగలబడిందేమోనని పరిగెత్తాను. తెర మీద మేనమామ నవ్వుతూ అన్నం కలుపుతున్నాడు. అమ్మాయి నోరు తెరిచింది. డేరా మొత్తం లేచి నిలబడింది. "తినకు బిడ్డా! ఉమ్మెయ్!" అని ఆడవాళ్లు అరుస్తున్నారు. ఒక ముసలాయన తెర వైపు చెప్పు విసిరాడు. గడియ సరిచూసే సీను రాగానే డేరాలో ఊపిరి కూడా వినిపించలేదు. జడ వేసే సీనులో సమ్మక్క మొహం కొంగుతో కప్పుకుని, కొంగు సందులోంచి చూస్తోంది. ఏ సీన్లలో జనం నిద్రపోయేవాళ్లో సరిగ్గా ఆ సీన్లలో చెమటలు పట్టాయి.

అప్పట్నుంచి సంత ఆటకు చివరి రీలు ముందేయడం మా డేరా ఆచారమైపోయింది. 'పెరటి గది'ని మళ్లీ మళ్లీ తెప్పించాం. రాష్ట్రమంతా మూలన పడేసిన ప్రింటును మేం ఎందుకు అడుగుతున్నామో డిస్ట్రిబ్యూటరుకు అంతుపట్టలేదు. తిక్క అనుకున్నాడేమో, అడిగినప్పుడల్లా పంపేవాడు. తగువులో మూడో పక్షం పుట్టింది, 'పెరటి గది'కి ఓటేసే సంత జనం పక్షం. సుధాకర్ గారు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. "అది రసాస్వాదన కాదండీ, అల్లరి" అని కొట్టిపారేశాడు.

దర్శకుడు వస్తున్నాడు

ఎనభైల్లో ఒకరోజు సుధాకర్ గారు స్కూటరు మీద ఏన్కూరు దాకా వచ్చాడు. మనిషి ఆనందంతో తబ్బిబ్బవుతున్నాడు. ఫిలిం సొసైటీ వాళ్లు నరహరి గారిని ఖమ్మం పిలిచారట. ఆదివారం పొద్దున 'నరహరి చిత్రాల్లో ఉత్తమ చిత్రమేది?' అని చర్చాగోష్ఠి, తర్వాత శాలువా. ఆయన వస్తానన్నాడట గాని ఒక షరతు పెట్టాడట.

"ఏం షరతండీ?"

"ముందురోజు ఏన్కూరు డేరాలో, సంత జనంతో కూర్చుని 'పెరటి గది' చూస్తాడట. డిస్ట్రిబ్యూటరు చెప్పాడట ఆయనకి, రాష్ట్రంలో ఆ సినిమా ఆడుతున్న చోటు ఇదొక్కటేనని. తను తీసినవాటిలో మంచిది అదేనని ఇన్నేళ్లూ ఒంటరిగా వాదిస్తున్నాడట. ఒక్కచోటైనా జనానికి అర్థమైంది, అది కళ్లారా చూసి పోతాను అన్నాడు."

నరహరి గారికి ఉన్న ఒకే ఒక్క ఆశ మా డేరా. ఆ డేరాలో ఆయన సినిమా తలకిందులుగా ఆడుతోంది. ఆ ముసలాయన అంత దూరం నుంచి వచ్చి, తన మొహమ్మీదే ముందు శుభం కార్డు పడటం చూస్తే ఏమవుతాడు? సరైన వరసలో వేద్దామంటే జనం తువ్వాళ్లు పరుస్తారు. ఎలా చూసినా ఆయన గుండె పగిలేటట్టే ఉంది.

ఓనరుతో తగువేసుకున్నాను. నరహరి గారి మెళ్లో దండ వేస్తూ ఫోటో దిగాలన్నది ఓనరు కోరిక. కాబట్టి ఈసారి మెత్తబడ్డాడు. "సరేలే, ఆ ఒక్కరోజూ పెద్దాయన తీసినట్టే వెయ్యండి. బస్సొచ్చేసరికి ఆయన మెళ్లో దండ పడాలి" అన్నాడు. యాకూబు మొహం వెలిగిపోయింది. "ఇన్నేండ్లకు ఇజ్జతుగ ఒక ఆట ఏస్త సార్" అని ప్రొజెక్టరుకు కొబ్బరికాయ కొట్టించాడు.

సంత రోజు

నరహరి గారు సన్నగా పొడుగ్గా, చేతికర్రతో ఉన్నాడు. మామూలు తెల్ల చొక్కా. కుర్చీ వద్దన్నాడు. బెంచీ మీద, జనం మధ్యలో కూర్చున్నాడు. ఒక పక్క నేను, ఇంకో పక్క సమ్మక్క. తనెవరో ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఓనరు దండ చేత్తో పట్టుకుని బయట తిరుగుతున్నాడు. సుధాకర్ గారు కర్చీఫు పరుచుకుని వెనక కూర్చున్నాడు.

లైట్లు ఆరిపోయాయి. పేర్లు పడ్డాయి. ఆయన పేరు తెర మీదికి రాగానే ఆయన చేతికర్ర మీద వేళ్లు బిగుసుకోవడం చూశాను.

ఆ పేరు ఇంకా తెర మీద ఉండగానే డేరా దద్దరిల్లింది. "ఏందిది! ఆఖరుది ఏయ్! ముందుగాల ఆఖరుది ఏయ్!" ఈలలు, చప్పట్లు, కాళ్లతో నేల తన్నడం. యాకూబు కాసేపు ఓర్చుకున్నాడు. తెర మీదికి మట్టిబెడ్డలు రావడం మొదలయ్యాక ప్రొజెక్టరు ఆపేశాడు. లైట్లు వెలిగాయి.

"ఏమంటున్నారు వీళ్లు?" అని నరహరి గారు నన్ను అడిగాడు. సమ్మక్క అందుకుంది.

"కొత్తోనివా పెద్దయ్యా? ఈడ ముందుగాల ఎవడు సంపిండో సూపిస్తరు. గప్పుడు సిన్మ ఏస్తరు."

"ఎవడు చంపాడో తెలిశాక ఇంకేం చూస్తారమ్మా?"

"గదేం మాట! తెల్వకపోతే ఏం సూస్తం? వాడు అన్నం పెడ్తాంటె మంచోడే అనుకుంటం, ఊకుంటం. తెల్సినంకనే గద భయమయ్యేది. ఆ పిల్లకు తెల్వదు, మనకు తెల్సు. చెప్దమంటె ఇనబడదాయె."

ఆయన ఆమె మొహం వంకే చూస్తుండిపోయాడు. ఓనరు లోపలికి వచ్చి యాకూబుకు చెయ్యి ఊపాడు. చివరి రీలు ఎక్కింది. గొడ్డలి, పోలీసులు, శుభం. అందరూ తృప్తిగా సర్దుకుని కూర్చున్నారు. తర్వాత మొదటి రీలు.

నేను తెర వైపు చూడలేదు. ఆయన్నే చూస్తున్నాను, ఎప్పుడు లేచి కర్ర ఎత్తుతాడా అని. ఆయన కూడా తెర వైపు చూడలేదు. జనం వైపు తిరిగి కూర్చున్నాడు. అన్నం కలిపే సీనులో అరుపులు మొదలైనప్పుడు ఉలిక్కిపడ్డాడు. జడ సీనులో సమ్మక్క ఆయన ముంజేయి పట్టుకుని, "నువ్వన్న చెప్పరాదయ్యా, మొగోనివి, నీ గొంతు పెద్దగుంటది" అంది. ఆయన అప్పుడు తెర వైపు తిరిగాడు.

గడియ సీను నడుస్తుండగా బయట హారను మోగింది. ఒక్కరూ లేవలేదు. మళ్లీ మోగింది. కాసేపటికి సత్యం తిట్టుకుంటూ లోపలికి వచ్చాడు. "లెవ్వుండ్రి, జల్ది, నాకు డ్యూటీ లేదా" అంటూ తెర వైపు చూశాడు. మేనమామ గడియ మీద చెయ్యి వేసి ఉన్నాడు. సత్యం డేరా గుంజ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ రోజు ఇంక హారను మోగలేదు.

మిగిలిన రీళ్లన్నీ ఆడాయి. సంత ఆటలో అంతవరకూ ఎప్పుడూ జరగనిది. ఆఖరిదానికి ముందు రీలు అయిపోయి లైట్లు వెలిగితే, వెయ్యడానికి మా దగ్గర ఏమీ లేదు. చూపించాల్సింది ముందే చూపించేశాం. జనం కదల్లేదు. "మళ్ల ఏయ్ ఆఖరుది" అన్నారు. తెలిసిన హంతకుణ్ని, చూసిన గొడ్డలిని, పట్టుకున్న పోలీసుల్ని మళ్లీ వేశాం. మేనమామ చేతులకు బేడీలు పడేసరికి ఆడవాళ్లు నిజంగా ఏడ్చారు. సత్యం కళ్లు తుడుచుకుని, "నడువుండ్రి ఇగ" అన్నాడు.

ఓనరు దండ వెయ్యడం మర్చిపోయాడు. ఆ సినిమా ఆయన కూడా చివరిదాకా చూశాడు.

గోష్ఠి

మర్నాడు పొద్దున ఖమ్మంలో గోష్ఠి. సుధాకర్ గారు ఆధునిక మానవుడి అంతరాత్మ మీద మాట్లాడినంత సేపు మాట్లాడాడు. ముగించి, ఆ కిటికీ ఎందుకు మూయలేదో దర్శకుల నోటనే వినాలని కోరాడు. నరహరి గారు లేచి, "వడ్రంగి రెక్కలు పెట్టడం మర్చిపోయాడండీ. ఆ రోజు వదిలితే హీరో గారి డేట్లు దొరకవు. అలాగే తీసేశాం. ఒక సీనులో తెరిచాక మిగతా సీన్లలోనూ తెరిచే ఉండాలి గదా" అన్నాడు. సభ ఘొల్లుమంది. సుధాకర్ గారు కూడా నవ్వాడు. తర్వాత పత్రికకు రాసిన వ్యాసంలో ఆ వడ్రంగి మరుపును సమష్టి అచేతనం అన్నాడు. అలాంటివాణ్ని ఓడించడం ఎవరి తరమూ కాదు.

రాజమల్లు వెనక నుంచి లేచి, "సార్, సొరంగం గురించి ఒక ముక్క" అన్నాడు. నరహరి గారు అది తీస్తున్నప్పుడు తనకూ ఊపిరాడలేదని, కాకపోతే అది జిగురు వాసన వల్లనని చెప్పాడు. రాజమల్లు గెలిచినట్టే చుట్టూ చూసి కూర్చున్నాడు.

చివరికి అసలు ప్రశ్న అడిగారు. మీ దృష్టిలో మీ ఉత్తమ చిత్రమేది?

"నిన్న ఏన్కూరులో చూసింది" అన్నాడు. "కాని అది నేను తీసింది కాదు. నేను తీసింది జనం చూడలేదు. నిన్నటిది వెంకటరత్నం గారు తీశారు."

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ల వినయం అలాగే ఉంటుందని పక్కనున్నాయన నాతో అన్నాడు. మా ఓనరు మాత్రం నా చెవిలో, "ఏమయ్యా, నేను తీశానంటాడేంటి? కేసేమన్నా అవుతుందా?" అని అడిగాడు.

స్టేషను

ఆయన్ని రైలెక్కించడానికి నేనొక్కణ్నే వెళ్లాను. మిగిలినవాళ్లకు భోజనాలున్నాయి. ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చున్నాం. శాలువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మొదట సరైన వరసలో వేయించింది మీరే గదా?" అన్నాడు.

"మీరు బాధపడతారని అనుకున్నానండీ."

"బాధే పడ్డాను. ఆ సినిమా పోయినప్పుడు తలా ఒక కారణం చెప్పారు. పాటలు లేవన్నారు, హీరో పాతవాడన్నారు. నేను మాత్రం జనానికి బుర్ర లేదన్నాను. ఇన్నేళ్లూ అదే అంటూ వచ్చాను. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఎవరు కనిపిస్తే వాళ్లతో. మా ఆవిడ బతికున్నన్నాళ్లూ విని విని పోయింది."

రైలు వస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన లేవలేదు.

"హంతకుడెవరో ముందే చెప్తే లేచిపోతారని దాచాను. నిన్న అందరికీ తెలుసు. ఒక్కడు లేవలేదు. బస్సు పోతుందన్నా లేవలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చెప్పమని బతిమాలింది చూశారా? ఆ అమ్మాయి నేను కాగితం మీద రాసుకున్న పిల్ల. నాకు ఎప్పుడూ అలా అనిపించలేదు. తప్పు కథలో లేదండీ, రీళ్లలో లేదు. నేను వాళ్లను నమ్మలేదు. అంతే."

రైలు వచ్చి ఆగింది. చెయ్యి పట్టి ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను ఓదార్పుగా ఏదో అందామనుకున్నాను. ఆయన అన్నది నిజం కాబట్టి నోరు మూసుకుని నిలబడ్డాను.